కాగితాల్లేని డ్రోను, పక్క చెరువులో చచ్చిన రొయ్యలు

ముమ్మిడివరం దగ్గరి ఒక ఊరి నుంచి 27 ఏళ్ల యువకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇదీ.

బీకాం అయ్యాక ఊళ్లోనే ఉండిపోయి నాన్నగారి రెండెకరాలు, కౌలుకు మరో మూడెకరాలు చేస్తున్నారు. అక్క భర్తతో కలిసి చెరి సగం వేసుకుని 3 లక్షల 80 వేలకు ఒక సెకండ్‌హ్యాండ్ స్ప్రే డ్రోన్ కొన్నారు. పది లీటర్ల ట్యాంకు, ఆరు రెక్కలది. అమ్మినాయనది వేరే జిల్లా. రెండ్రోజులుండి ఎగరేయడం నేర్పి, లామినేషన్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి, ‘ఇదే రిజిస్ట్రేషను, మీ పేరు మీదకి అదే మారిపోద్ది’ అని వెళ్లిపోయాడు. దాళ్వాలోనూ సార్వాలోనూ ఎకరాకు 400 చొప్పున చుట్టుపక్కల పొలాలకు మందు కొట్టారు. బాగానే నడిచింది.

అక్టోబరులో ఒక రైతు దోమపోటుకని (వరిని పీల్చే దోమకని) మందు తెచ్చిచ్చాడు. క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపిన మందు. మధ్యాహ్నం రెండున్నరకు కొట్టారు. ఆ పొలానికి ఉత్తరాన గట్టు, గట్టు మీద కొబ్బరి చెట్లు, పక్కనే బోదె (చిన్న నీటి కాలువ), అవతల బాబాయి వరసయ్యే ఆయన రొయ్యల చెరువు. మూడో రోజు తెల్లవారేసరికి రొయ్య అంచులకు వచ్చేసి చావడం మొదలైంది. ఆయన అదే రోజు హడావుడిగా పట్టుబడి చేసి, అంటే చెరువులో రొయ్యంతా పట్టేసి, ఉన్నదాన్ని వచ్చిన ధరకు అమ్మేసి, ‘నీ డ్రోను మందే కారణం, 3 లక్షలు కట్టు’ అంటున్నారు. పెద్దమనుషులు పది రోజులు గడువిచ్చారు. ఈలోగా స్టేషన్ నుంచి కానిస్టేబులొచ్చి డ్రోన్ కాగితాలు చూపించమని అడిగి వెళ్లాడు. బావగారేమో ఫోన్లో డ్రోన్ యాప్ తీసేసి డ్రోన్ ఎవరికైనా అమ్మేద్దామంటున్నారు. అమ్మేమో పొలం తాకట్టు పెట్టయినా డబ్బిచ్చేయమంటున్నారు. ‘నేను చేసింది నేరమా? డబ్బు కట్టాలా? ఈ పని మానేయాలా, కొనసాగించాలా?’ అన్నది వీరి ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు చిక్కులు ఒకదానికొకటి పెనవేసుకుపోయాయి. డ్రోన్‌కీ మీకూ కాగితాలు లేకపోవడం ఒకటి. చెరువులో రొయ్య పోవడం రెండోది. ఊళ్లో ఈ రెంటినీ కలిపి మాట్లాడుతున్నారు, మీరూ అలాగే కలిపి భయపడుతున్నారు. కాగితాల్లేనంత మాత్రాన రొయ్యను మీ మందే చంపిందని తేలదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా చెరువు మీద మందు పడితే ఆ నష్టానికి బాధ్యత తప్పదు. మొదటిది మీకూ ప్రభుత్వానికీ మధ్య విషయం, రెండోది మీకూ బాబాయికీ మధ్య విషయం. విడివిడిగా తీసుకుంటే రెండూ తేలేవే.

అన్నిటికంటే ముందు బావగారి సలహా సంగతి. ఆ యాప్ తీసేయకండి. ఆ రోజు ఏ టైముకి ఎగిరింది, ఏ గీత వెంట తిరిగింది, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, నిమిషానికి ఎంత మందు వదిలింది అన్నీ ఆ ఫ్లైట్ లాగ్‌లో ఉంటాయి. మీ వైపు సాక్ష్యమంటూ ఉంటే అదొక్కటే. అది మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే, చెరిపేశారని తెలిస్తే అంతకంటే చెడ్డగా కనపడుతుంది. ఈ రోజే లాగ్‌ని వేరే ఫోన్లోకో పెన్‌డ్రైవ్‌లోకో తీసి పెట్టుకోండి. మందు డబ్బా పారేసి ఉండకపోతే దాన్నీ, కొన్న బిల్లునూ ఆ రైతు దగ్గర్నుంచి అడిగి ఫోటోలు తీసుకోండి. తేలేవరకూ డ్రోన్ ఎగరేయొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆ లామినేషన్ కాగితాన్ని ‘ఇదే నా రిజిస్ట్రేషన్’ అని ఎవరికీ చూపించకండి. అది నకిలీదైతే, ఇప్పటిదాకా మీరు మోసపోయినవారు. పోలీసుకు చూపించిన మరుక్షణం నకిలీ పత్రం వాడినవారవుతారు. ‘అమ్మినాయన ఇచ్చాడు, సరైనదో కాదో కనుక్కుంటున్నాను’ అని ఉన్నమాట చెప్పండి.

ఇక కాగితాలు. ఇప్పుడు నడుస్తున్నవి 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు. ఆ తర్వాత కొన్ని సవరణలు జరిగాయి. బండి లెక్కన చెప్పుకుంటే సులువు. ఆ మోడల్‌ను రోడ్డెక్కించవచ్చని ప్రభుత్వం ఒప్పుకోవడం టైప్ సర్టిఫికెట్, మీ బండి నంబరు యూఐఎన్ (యూనిక్ ఐడెంటిఫికేషన్ నంబర్), మీ లైసెన్సు రిమోట్ పైలట్ సర్టిఫికెట్, ఆపైన థర్డ్ పార్టీ బీమా. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు వీటిలో చాలావరకు మినహాయింపులున్నాయి. మీదానికి ఏ మినహాయింపూ లేదు. పది లీటర్ల మందు, బాటరీలతో కలిపి తూస్తే ఇలాంటివి 25 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. 25 వరకు ‘స్మాల్’, దాటితే ‘మీడియం’. ఈ గీత ఎటువైపు పడిందన్నది చిన్న విషయం కాదు. పైలట్ సర్టిఫికెట్ కూడా తరగతిని బట్టే ఇస్తారు.

ఈ నాలుగింటిలో మీ భవిష్యత్తు తేల్చేది మొదటిదే, టైప్ సర్టిఫికెట్. అది వ్యక్తికి ఇచ్చేది కాదు, తయారీదారు తన మోడల్‌కు తెచ్చుకునేది. ఆ మోడల్‌కు అది లేకపోతే మీరెన్ని దరఖాస్తులు పెట్టినా యూఐఎన్ రాదు. కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగేముందు డ్రోన్ బోర్లా తిప్పి చూడండి. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న ప్లేటు ఉంటుంది. దాంతోపాటు లోపల ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను నడిపించే సర్క్యూట్ బోర్డు) నంబరు, రిమోట్ నంబరు కూడా రాసుకోండి. యూఐఎన్‌ను ఈ మూడు నంబర్లకూ కలిపే ఇస్తారు. టైప్ సర్టిఫికెట్ పొందిన మోడళ్ల జాబితాను పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, ఆన్‌లైన్‌లో పెడుతుంది. అందులో మీ మోడల్ ఉందో లేదో చూడండి. ఉంటే తయారీ కంపెనీకి సీరియల్ నంబరు పంపి ఇది మీరు అమ్మిందేనా, ఎవరి పేరున అమ్మారు అని అడగండి. పాత డ్రోన్లలో కాలిపోయిన కంట్రోలర్ తీసి చవక చైనా కంట్రోలర్ పెట్టడం మామూలే. అలా మార్చి, ఆ మార్పును నమోదు చేయించకపోతే ప్లేటు అసలుదైనా లోపలిది వేరే డ్రోను కిందే లెక్క.

మోడల్ జాబితాలో ఉండి, అమ్మినాయన పేరున నిజంగానే యూఐఎన్ ఉందనుకోండి. అప్పుడు మీ పని తేలికే. యాజమాన్యం మార్పుకు డీ-3 ఫారం, 100 రూపాయల రుసుము. అది ‘అదే మారిపోద్ది’ రకం కాదు, ఆయన ప్రభుత్వ పోర్టల్‌లో తన లాగిన్ నుంచి కదలాలి. ఆయన పేరున ఉన్నంతకాలం మీరు చేసే ప్రతిపనికీ మొదట ఆయన్నే అడుగుతారని ఒక్కమాట చెబితే చాలు, ఫోన్ ఎత్తనివాళ్లు కూడా ఎత్తుతారు. పాస్‌పోర్టు లేదని ఆగిపోకండి. ఆ షరతు తీసేశారు, ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు, చిరునామా పత్రాలు చాలు.

జాబితాలో లేదంటే విడిభాగాలు తెచ్చి ఎక్కడో బిగించింది అయ్యుంటుంది. తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది గానీ విడిభాగాలకు నిషేధం లేదు. ఆ సందులోంచే ఇలాంటివి పుడుతుంటాయి. దాన్ని చట్టబద్ధం చేయించే దారి మీ చేతిలో లేదు. బావగారన్నట్టు ‘ఎవరికైనా అమ్మేయడం’ అంటే మీకు జరిగిందే మీరు ఇంకొకరికి చేయడం. రేపు అది ఎక్కడైనా పట్టుబడితే వెనక్కి తవ్వుకుంటూ మీ ఇంటికే వస్తారు. ఫోన్‌పే, బ్యాంకు చెల్లింపుల వివరాలు, ఆ లామినేషన్ కాగితం, వాట్సాప్ సందేశాలు జతచేసి, డబ్బు తిరిగిమ్మని లాయరు ద్వారా నోటీసిప్పించండి. మొత్తం రాకపోయినా ఎంతోకొంత దగ్గర రాజీకి వచ్చేవాళ్లే ఎక్కువ. అదీ కుదరకపోతే మోటార్లు, పంపు, బాటరీలు, ఛార్జరు విడిభాగాలుగా అమ్ముకోవచ్చు. నష్టమే, కానీ అంతటితో పోతుంది.

పైలట్ సర్టిఫికెట్ మాత్రం డ్రోన్ ఏదైనా కావలసిందే. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసైతే అర్హత. డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రంలో కొద్దిరోజుల కోర్సు చేసి పరీక్ష పాసవ్వాలి. ప్రభుత్వ రుసుము నూరు రూపాయలే, అసలు ఖర్చు శిక్షణ ఫీజు. అది కేంద్రాన్ని బట్టి వేలల్లో తేడా ఉంటుంది. గుంటూరు లాంలోని ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ శిక్షణ ఇస్తుంది. వ్యవసాయ పిచికారీ నేర్పే చోట చేరడమే మీకు లాభం. ఉత్త ఎగరేయడం మీకు వచ్చు. మందు కలపడం, గాలి చూడటం నేర్చుకోవాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది.

నేరమా అన్నారు. కాగితాల్లేకుండా ఎగరేయడం నిబంధనల ఉల్లంఘనే. మీ వాదన విన్నాక లక్ష రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది. డ్రోన్ స్వాధీనం చేసుకునే ప్రమాదమూ ఉంది. ఇంతవరకే. మీ ఉత్తరంలో కనపడినంత భయం అక్కర్లేదు. ఇక ఎక్కడ ఎగరేశారన్న దాంట్లో మీకు పెద్ద తంటా రాకపోవచ్చు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం మీకు చాలా దూరం. కానీ కోనసీమలో చమురు, గ్యాసు స్థావరాలు ఎక్కువ. తాటిపాక, ఓడలరేవు లాంటి చోట్ల పనికి పిలిస్తే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ పొలం మీద వేలుపెట్టి చూశాకే ఒప్పుకోండి. ప్రముఖుల పర్యటనలప్పుడు జిల్లా ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం) పెట్టవచ్చు. అందుకే మ్యాప్‌ను ముందురోజు కాదు, ఎగరేసే రోజు పొద్దున్నే చూడాలి.

ఇప్పుడు చెరువు దగ్గరికొద్దాం.

ముందు మీకు ఇష్టంలేని మాట. ఆ పొలానికి ఆ మందు కొట్టడమే తప్పు. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు (ఒక రకం పురుగుమందులు) కొడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు పోయి దోమ మళ్లీ రెట్టింపవుతుంది. మార్టేరు వరి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్న సంగతే ఇది. ‘రైతు తెచ్చిచ్చాడు, నేను కొట్టాను’ అనేది పవర్ స్ప్రేయర్ కూలీకి చెల్లుతుందేమో, డ్రోన్ పెట్టుకుని సేవ అమ్ముకునేవారికి చెల్లదు. పైగా రొయ్య కూడా పురుగు జాతికి దగ్గరి ప్రాణే. పురుగుని చంపే పైరిత్రాయిడ్ రొయ్యనూ చంపుతుంది, చేపకు ప్రమాదమైన మోతాదు కంటే ఎన్నో రెట్లు తక్కువకే. క్లోరిపైరిఫాస్ కూడా అంతే.

దీనికి డ్రోన్ లెక్క ఒకటి తోడవుతుంది. ఎకరాకు 400 మిల్లీలీటర్ల మందు అనుకోండి. చేతి పంపుతో 200 లీటర్ల నీళ్లలో కలుపుతారు, లీటరుకు 2 మిల్లీలీటర్లు. డ్రోన్‌లో అదే మందు 10 లీటర్లలో పోస్తారు, లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఎకరా మీద పడే మందు అంతే, కానీ గాలికి కొట్టుకుపోయే ఒక్కో తుంపర ఇరవై రెట్లు ఘాటైనది. 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కంటే సన్నటి తుంపర నేలకు దిగకుండా గాలితో పోతుంది. మధ్యాహ్నం రెండున్నరకు మీ ప్రాంతంలో సముద్రం మీంచి, అంటే దక్షిణం నుంచి గాలి తిరిగి ఉంటుంది. చెరువు ఉత్తరాన ఉంది. గట్టు మీద కొబ్బరి చెట్లున్నాయన్నారు. మట్టలకు తగులుతుందని ఆ వైపు గీతల్లో డ్రోన్‌ని పైకి లేపారా? పైరు మీద రెండు మూడు మీటర్లు ఎగరాల్సింది ఐదారు మీటర్లు ఎగిరితే తుంపర చెరువు దాకా పోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఇది ఊహించక్కర్లేదు, లాగ్‌లో ఆ గీతల ఎత్తు చూడండి.

అలాగని తప్పు మొత్తం మీ నెత్తిన వేసుకోనక్కర్లేదు. మీరు రాసినదాంట్లో నాకు పట్టిన మాట ‘మూడో రోజు తెల్లవారేసరికి’. తుంపర నేరుగా పడితే రొయ్య సాధారణంగా కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో వంకరగా ఈదుతూ, తిరగబడుతూ చస్తుంది. చెరువులోని చిన్న పీతలు, నీటి పురుగులు కూడా పోతాయి, చేపపిల్లలు బతికే ఉండవచ్చు. తెల్లవారుజామున అంచులకు రావడం ఆక్సిజన్ తగ్గినప్పుడు జరిగే పని. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్య తట్టుకోలేదు. మబ్బు రోజులు, నాచు ఒక్కసారిగా చావడం, రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) ఆగడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. తెల్లమచ్చ రోగమైనా అంచులకే వస్తుంది, అప్పుడు డిప్ప మీద మచ్చలు కనపడతాయి. ఇంకో దారి కూడా ఉంది. మందు కొట్టాక వానపడి పొలం నీళ్లు బోదెలోకి దిగి, బాబాయి ఆ బోదె నీళ్లు చెరువుకు పెట్టి ఉంటే మూడో రోజు చావడానికి సరిగ్గా సరిపోతుంది. అలాగైతే అది గాలిలో పోయిన తుంపర కాదు, కారిపోయిన నీరు. నీళ్లు వదిలిన రైతు కూడా అందులో భాగస్తుడే.

కాబట్టి పెద్దమనుషుల ముందు ‘నేను కాదు’ అని గానీ ‘నేనే’ అని గానీ అనకండి. ఇవి అడగండి: ఆ రెండు రాత్రులు ఏరేటర్లు నడిచాయా? బోదె నీళ్లు పెట్టారా? పీతలూ చేపపిల్లలూ ఏమయ్యాయి? చచ్చిన రొయ్య ఎవరైనా ఐస్‌లో పెట్టి ఉంచారా? ఉంటే కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ప్రయోగశాలలో రోగ పరీక్షకు వీలుంటుందేమో కనుక్కోండి. నీళ్లలో మందు అవశేషాల పరీక్షకు ఇప్పటికే ఆలస్యమైంది. పైరిత్రాయిడ్ రోజుల్లో నీళ్లలోంచి తగ్గిపోయి అడుగు మట్టికి పడుతుంది. చెరువు ఎండబెట్టకముందే అడుగు మట్టి తీస్తే కొంత ఆశ. ప్లాస్టిక్ సీసాలో కాదు, మందు దానికే అంటుకుపోతుంది. గాజు సీసాలో, చల్లగా, చీకట్లో పంపాలి. బాబాయి, మీరు కలిసి తీసి, ఇద్దరూ సీలు మీద సంతకం పెట్టాలి. ఒక్కరే తీసిన నమూనాను రెండోవారు నమ్మరు.

3 లక్షలు అన్నది ఎక్కడ్నుంచి వచ్చిందో అడగటంలో అగౌరవం లేదు. ఎన్ని పిల్లలు వదిలారు, ఎన్ని రోజుల పెంపకం, చెక్ ట్రేల (మేత ఎంత తిన్నదో చూసే పళ్లేల) లెక్క, ఆఖరి మేత ఎంత, పట్టుబడిలో ఎన్ని కిలోలు ఏ కౌంటుకి (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కకి) ఎంతకు పోయాయి, ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. పూర్తిగా పెరిగి ఉంటే వచ్చేదాంట్లోంచి, వచ్చినదీ, ఆ మిగతా రోజులకు పెట్టక్కర్లేకపోయిన మేత, కరెంటు, డీజిలు ఖర్చూ తీసేస్తే మిగిలేదే నష్టం. ఈ లెక్క వేస్తే తొలి అంకె చాలాసార్లు దిగుతుంది. ఆ అంకెను మీరు, మందు తెచ్చిచ్చిన రైతు, అనుమానం మిగిలిన మేరకు బాబాయి కూడా పంచుకోవడం న్యాయంగా ఉంటుంది. ఆయన చెరువుకు లైసెన్సు ఉందా లేదా అన్నది మీకు తోచే ఉంటుంది. అడగడానికి హక్కుంది, కానీ మొదటి మాటగా అది తీస్తే బంధుత్వం అక్కడితో సరి.

మీ ముందున్న దారులు ఇవి. అడిగినంతా ఇచ్చేస్తే గొడవ త్వరగా ముగుస్తుంది. కానీ కాగితం రాసుకోకపోతే వచ్చే సీజన్లో రోగమొచ్చినా మీ పేరే వస్తుంది, రెండో చెరువాయన కూడా వస్తాడు. లెక్క తేల్చి తగ్గించి ఇస్తే కొన్నాళ్లు మాటలు పడాలి గానీ పొలం తాకట్టు పెట్టే పని ఉండకపోవచ్చు. ఇవ్వనని భీష్మించుకుంటే ఆయన కోర్టుకో స్టేషన్‌కో వెళ్తారు. అక్కడ కాగితాల్లేకపోవడం మిమ్మల్ని బలహీనం చేస్తుంది. నా మొగ్గు రెండోదాని వైపే. దాన్ని ఊరి చావడిలో నోటిమాటతో వదిలేయకుండా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించండి. ఖర్చుండదు, అక్కడ రాసుకున్న రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ. పెద్దమనుషులనే సాక్షులుగా తీసుకెళ్తే వారి మాటా నిలుస్తుంది. పొలం తాకట్టు సంగతి మాత్రం ఆ లెక్క తేలకముందు అమ్మగారిని ఎత్తనివ్వకండి.

పని కొనసాగించాలా అన్నదానికి డ్రోన్ ప్లేటు మీద నంబరు చూశాకే జవాబు దొరుకుతుంది. అది పనికిరాదని తేలినా సర్టిఫికెట్ తీసుకుని రైతు ఉత్పత్తిదారుల సంఘానికో యంత్రాలు అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ సెంటర్‌కో పైలట్‌గా పనిచేయవచ్చు, మీ చేతికున్న అలవాటు వృథా పోదు. అక్క డ్వాక్రా సంఘంలో ఉంటే, మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే నమో డ్రోన్ దీదీ పథకం కింద అవకాశం ఉందేమో వెలుగు ఆఫీసులో అడగమనండి. అందులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా కేంద్ర సాయం ఉంది. సంఖ్య పరిమితం, రావచ్చు రాకపోవచ్చు. బావగారి పెట్టుబడికి ‘అమ్మేద్దాం’ కంటే మర్యాదైన దారి అది.

మళ్లీ ఎగరేసే రోజు వస్తే: కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ఇచ్చిన పద్ధతుల ప్రకారం పంచాయతీకి, వ్యవసాయాధికారికి 24 గంటల ముందు చెప్పాలి. మీ చోట నేనైతే పక్క చెరువు రైతుకు కూడా ఫోన్ చేసి, వాట్సాప్‌లో కూడా పెడతాను. మందు పేరు రైతు సేవా కేంద్రంలో అడిగి, డ్రోన్‌తో కొట్టడానికి అనుమతి ఉన్నదే తీసుకోండి. చెరువులున్న చోట పైరిత్రాయిడ్ అసలొద్దు. గాలి సెకనుకు 3 మీటర్లు దాటితే ఆపేయండి. వెయ్యి రూపాయల గాలి మీటరు జేబులో ఉంచుకోండి, అంచనాతో కాదు. మంచు పట్టిన నిశ్చలమైన తెల్లవారుజామున కూడా వద్దు, తుంపర కిందికి దిగక పొగలా తేలుతుంది. సూర్యుడు కాస్త పైకొచ్చాక, సముద్రపు గాలి లేవకముందు ఉన్న రెండు మూడు గంటలే మీ పని సమయం. నాజిల్ సెంట్రిఫ్యూగల్ (గిర్రున తిరుగుతూ మందు చిమ్మే) రకమైతే యాప్‌లో తుంపర సైజు పెంచండి. కొబ్బరి గట్టు వైపు చివరి గీతలు డ్రోన్‌తో కొట్టకండి. ఆ అంచును చేతి పంపుతో కొట్టిస్తానని రైతుకు ముందే చెప్పి, ఆ కూలీని మీ 400లోంచే ఇవ్వండి. బీమా తీసుకునేటప్పుడు డ్రోన్ మనిషి మీద పడితే ఇచ్చే డబ్బు గురించే ఏజెంటు చెబుతాడు. మందు పక్క పంటకో చెరువుకో పడితే వర్తిస్తుందా అని అడిగి, ఆ జవాబు పాలసీ కాగితంలో చూపించమనండి. చాలా పాలసీల్లో ఉండదు, అదనంగా కొనుక్కోవాలి.